1943 ఫోర్డ్ జీపు: అంబాజీపేట షెడ్డు డైరీ

జూన్, తొలకరికి ముందు

బండి షెడ్డుకి చేరింది. ట్రాక్టరు ట్రక్కు మీదకి ఎక్కించి, మోకులతో బిగించి, కాలవ గట్టు వెంట నెమ్మదిగా తెచ్చి అంబాజీపేట దగ్గర మా కొబ్బరి షెడ్డులో దించాం. దారిలో చూసినవాళ్లంతా మహీంద్రా జీపే అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేం లేదు. ముందు ఏడు గళ్ల గ్రిల్లు, లోపల డీజిల్ ఇంజిను, ఆ ఇంజిను పట్టడం కోసం మధ్యలో కోసి బుడిపె కట్టిన బానెట్టు, ఒళ్లంతా నిగనిగలాడే ఎర్ర రంగు. అయితే స్టీరింగు ఎడమ పక్కన ఉంది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే జీపుల్లో చాలావాటికి అది కుడి పక్కన ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నుంచి వచ్చినవన్నీ ఎడమ స్టీరింగువే. బేరం దగ్గర నా కన్ను పడింది దాని మీదే.

బండి అమ్మిన రైసు మిల్లువాళ్లు చెప్పిన చరిత్ర ఇంతే. యుద్ధం అయ్యాక సైన్యం మిగులు సామాను వేలం వేసినప్పుడు వాళ్ల తాతగారు మద్రాసులో పాడుకున్నారట. ధాన్యం బస్తాల ట్రైలరు కట్టి ఏళ్ల తరబడి లాగించారు. పెట్రోలు గిట్టుబాటు కాక డీజిల్ ఇంజిను వేయించారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మిల్లు ఆవరణ మునిగింది, బండి బానెట్టు దాకా నీళ్లలో ఉండిపోయింది. తరువాత కొన్నాళ్లు నడిచి మూలన పడింది.

దీన్ని ఎక్కడికి చేర్చాలో ముందే రాసి పెట్టుకుంటున్నాను. సైన్యం వదిలిపెట్టిన రోజు ఈ బండి ఎలా ఉందో అలా నిలబెట్టాలి. షోరూములో కొత్త బండిలా కాదు. పెళ్లి ఊరేగింపుల జీపులా అసలే కాదు. ఏ భాగం ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రతిచోటా బండే సాక్ష్యం చెప్పాలి. అందుకని మొదటి నియమం: తుప్పు పట్టిన బోల్టయినా సరే, అది ఎక్కడిదో చీటీ కట్టకుండా డబ్బాలో వేయకూడదు.

జూన్ చివర

ఇది ఎవరు చేసిన బండి?

జీపు మొదటి నమూనా కట్టింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. గీతలు గీసిన ఇంజనీరు కార్ల్ ప్రాబ్స్ట్. 1940 సెప్టెంబరు 23న మేరీల్యాండ్‌లోని హోలాబర్డ్ సైనిక స్థావరానికి ఆ బండిని అప్పజెప్పారు. కానీ సైన్యానికి కావలసినన్ని బళ్లు చేసే తాహతు బాంటమ్‌కి లేదు. పెద్ద ఆర్డరు టొలీడోలోని విల్లీస్ ఓవర్‌లాండ్‌కి దక్కింది. వాళ్లూ చాలక అదే బండిని ఫోర్డ్ చేత కూడా చేయించారు. విల్లీస్‌ది ఎంబీ, ఫోర్డ్‌ది జీపీడబ్ల్యూ. రెండూ కలిపి ఆరు లక్షల పైచిలుకు తయారయ్యాయి. యుద్ధభూమిలో ఏ బండి భాగం ఏ బండికైనా పట్టాలన్నది సైన్యం షరతు కాబట్టి పైకి రెండూ ఒకటే. తేడాలు వెతుక్కోవాలి.

తేలిగ్గా కనిపించే తేడా ముందు బంపరు వెనకాల ఉంటుంది. రెండు ఛాసిస్ పట్టాలనీ కలిపే అడ్డకమ్మీ విల్లీస్‌లో గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌లో బోర్లించిన పెట్టె ఆకారం. మన బండిలో పెట్టె ఆకారమే. ఇక ఛాసిస్ నంబరు. విల్లీస్ అయితే ముందు పట్టా లోపలి పక్కన చిన్న రేకు మీద కొడుతుంది. ఫోర్డ్ నేరుగా ఎడమ పట్టా పైభాగంలోనే గుద్దుతుంది. అక్కడ గ్రీజూ బురదా కలిసి రాయిలా గట్టిపడి ఉంది. ఇనప బ్రష్షు పెట్టనివ్వలేదు. కిరసనాయిలు గుడ్డ రాత్రంతా కప్పి ఉంచి, పొద్దున్న వెదురు పుల్లతో గీకాం. మొదట జీ కనిపించింది, తరువాత పీ, ఆ పక్కన డబ్ల్యూ. వెనక అంకెలు 1943లోకి వస్తాయి.

మా మేస్త్రి గారు రావులపాలెంలో నలభై ఏళ్లుగా జీపులే బాగుచేస్తున్నారు. ఆయన ఆ అంకెల్ని చేత్తో తడిమి, "ఆయ్, ఇన్ని బళ్ల కింద పడుకున్నానండి, ఇక్కడ నంబరుంటాదని ఇప్పుడే చూత్తన్నాను" అన్నారు. ఆ రోజు నుంచి ఆయనకీ ఈ బండి పట్టుకుంది.

జూలై

విప్పుడు పని. వానలు మొదలయ్యాయి. షెడ్డు పైకప్పు చిల్లులకి టార్పాలిన్ కట్టి పని సాగిస్తున్నాం.

పాత జీపు విప్పేవాళ్లందరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మర, అంటే మామూలు నట్లకి ఎదురు తిప్పి విప్పాలి. బండి ముందుకి పోతుంటే నట్టు తనంతట తాను వదులవకుండా అలా పెట్టారు. మేస్త్రి గారి దగ్గర పనిచేసే కుర్రాడు పానాకి గొట్టం తొడిగి బలమంతా ఉపయోగించబోతుంటే ఆయన ఆపి, "ఒరేయ్, అటు తిప్పితే బిగుత్తాదిరా, ఇరిగి చేతిలోకొత్తాది" అన్నారు. ఎడమకీ కుడికీ వేరే డబ్బాలు పెట్టాం. కమాను పట్టీల కొసల్ని ఛాసిస్‌కి కలిపే షాకిళ్లలో కూడా కొన్నిటికి ఎడమ మరే ఉంది. ఆ షాకిలు కాలు మీద చిన్న బుడిపె పోతపోసి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది.

చక్రాల విషయంలో ఇంకో జాగ్రత్త. యుద్ధకాలపు జీపు రిమ్ము రెండు ముక్కలు, చుట్టూ ఎనిమిది నట్లతో కలిపి ఉంటుంది. గాలి పూర్తిగా తీసి, వాల్వు పిన్ను కూడా లాగేసి, అప్పుడే ఆ నట్ల మీద పానా పెట్టాలి. ట్యూబులో గాలి ఉండగా విప్పితే ఆ ముక్క ఎగిరి మనిషిని చంపగలదు. పంక్చరు కొట్టువాడికి ఇవ్వాల్సి వస్తే పక్కనే నిలబడి చెప్పండి, ఎందుకంటే ఈ రిమ్ము ఇప్పటి కుర్రాళ్లెవరూ చూసి ఉండరు.

బాడీ ఎత్తి పక్కన పెట్టాక ఛాసిస్ కడిగాం. పట్టాల వెనక కొసలో, అడ్డకమ్మీ మూసుకున్న చోట, లోపల్నించి ఒండ్రు రాలడం మొదలుపెట్టింది. బూడిద రంగు మెత్తటి గోదావరి మట్టి, ఎండి పొరలు పొరలుగా ఉంది. మోటారు పంపు పెట్టి కడుగుతూనే ఉన్నాం, వస్తూనే ఉంది. వరద కథ నిజమని అలా తేలింది. తుప్పు కూడా అక్కడే ఎక్కువ. మట్టి తడిని పట్టి ఉంచుతుంది, పైగా సముద్రం దగ్గరున్న ఊళ్లు కాబట్టి గాలిలోనే ఉప్పు ఉంది. వెనక అడ్డకమ్మీ వేలు పెడితే కన్నం పడేలా ఉంది. మిగతా పట్టాలు గట్టివే. నూలు తాడుతో మూలకి మూల కొలిచాం, రెండు కొలతలూ కలిశాయి. అంటే ఛాసిస్ వంగలేదు. పెద్ద బెంగ తీరింది.

శ్రావణం

బోల్టుల పని. చెప్పుకోవడానికి చిన్నదే గానీ ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

ఫోర్డ్ తన భాగాల మీద ఎఫ్ అక్షరం వేసుకునేది. పెద్ద వాటి మీదే కాదు, బోల్టు తలల మీద కూడా. మన దగ్గరున్న బోల్టుల తలలన్నీ తుప్పు ముద్దలే. శానం మీద పెడితే తుప్పుతో పాటు అక్షరమూ పోతుంది. అందుకని కరెంటుతో తుప్పు తీసే పద్ధతి పెట్టాం. ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు, అందులో చాకలి సోడా. డ్రమ్ము గోడల వెంట పాత ఇనప ఊచలు నిలబెట్టి వాటిని బ్యాటరీ ఛార్జరు పాజిటివ్‌కి కలిపాం. తుప్పు వదలాల్సిన భాగాన్ని మధ్యలో తీగతో వేలాడదీసి నెగటివ్‌కి కలిపాం. తీగలు తారుమారైతే మన భాగమే కరిగిపోతుంది కాబట్టి ఛార్జరు మీద రంగు టేపు అంటించి పెట్టాం. ఊచల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు, నీళ్లలోకి విషం దిగుతుంది. అల్యూమినియం, ఇత్తడి భాగాలు ఇందులో వేయకూడదు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, అందుకే డ్రమ్ము షెడ్డు బయట చూరు కింద ఉంచాం, దరిదాపుల్లో బీడీ కూడా వెలిగించనివ్వలేదు.

రాత్రి వేసినవి పొద్దున్న తీస్తే నల్లటి బూజులా ఉంటుంది. పాత టూత్ బ్రష్షుతో రుద్దితే అది పోయి బూడిద రంగు ఇనుము బయటపడుతుంది. ఆ తల మీద, మధ్యలో, కాస్త వంకరగా, తోక సాగదీసి రాసిన ఎఫ్. కుర్రాడు ఒక్కొక్కటే కడిగి గోనె మీద వరసగా పేరుస్తుంటే, ఎఫ్ ఉన్నవి ఒక పక్కకి, లేనివి ఒక పక్కకి చేరాయి. లేనివి తరువాత మిల్లులోనో మరెక్కడో వేసినవి. బంపరు బోల్టులు, టూలు పెట్టె మూతలు, బానెట్టు కొక్కేలు, వీటన్నిటి మీదా అక్షరం ఉంది. ముందు సీటు కింద పట్టీ మీద కూడా ఉంది.

తుప్పు వదిలినవాటిని వెంటనే వేడి చేసి ఆరబెట్టి నూనె పట్టించాలి. మన గాలిలో గంటసేపు వదిలేస్తే మళ్లీ ఎర్రబారతాయి.

భాద్రపదం

వెనక అడ్డకమ్మీ కొత్తగా చేయించాలి. పాతదాని మందం కొలిచి అదే మందం రేకుతో, పాతదాన్నే అచ్చుగా పెట్టి వంపించాం. బిగించడం దగ్గర చర్చ వచ్చింది. ఫ్యాక్టరీలో ఛాసిస్‌ని కలిపింది రివిట్లతో. ఇప్పుడు ఎవరైనా వెల్డింగ్ పెట్టేస్తారు, లేదా హైటెన్షన్ బోల్టులు. గట్టితనానికి బోల్టు చాలు, ఆ మాట నిజమే. కానీ వెనక నుంచి చూస్తే గుండ్రటి రివిట్ తలల బదులు ఆరు మూలల బోల్టు తలలు కనిపిస్తాయి. నాకది ఒప్పలేదు.

వేడి రివిట్లు కొట్టేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? మేస్త్రి గారే ఒక పెద్దాయన్ని పట్టుకొచ్చారు. కాలవ లాకుల తలుపులకి రివిట్లు కొట్టిన కమ్మరి. వయసు డెబ్బై దాటింది, చెయ్యి మాత్రం వణకదు. కొలిమి తనే పెట్టుకున్నారు, దాగలి తనే తెచ్చుకున్నారు. రివిట్టు నారింజ రంగు దాకా కాలాక కొడుకు పట్టకారుతో అందించాడు. అది కన్నంలోకి దూరగానే కింద నుంచి మా మేస్త్రి గారు బరువైన ఇనప దిమ్మతో ఒత్తిపట్టారు. పైన పెద్దాయన రెండు దెబ్బలు నిటారుగా, తరువాత చుట్టూ వాలుగా, చివర గిన్నె అచ్చు పెట్టి ఒక్క గట్టి దెబ్బ. తల గుండ్రంగా వచ్చేసింది. చల్లారేటప్పుడు రివిట్టు కుదించుకుని రెండు రేకుల్నీ దగ్గరికి లాగుతుంది, బిగువు అందులో ఉంది. ఒక్కటి సరిగ్గా కూర్చోకపోతే ఆయనే ఉలితో తల కోయించి, "ఇది పీకేసి మళ్లీ కొడదాం బాబూ, రేపు నా పేరు సెప్పుకుంటారు" అన్నారు. అలాంటి పని దగ్గర నిలబడి చూడటం భాగ్యం.

ఈ నెలలోనే బాడీ కింద చూశాం. జీపు బాడీ ఎక్కడ కుళ్లుతుందో ప్రపంచమంతటా ఒకటే. నేల రేకు కింద బలానికి టోపీ ఆకారపు పట్టీలు ఉంటాయి, వాటి లోపల చెక్క బద్దీలు కూరి ఉంటాయి. ఆ చెక్క నీళ్లు పీల్చుకుని రేకుని లోపల్నించి తినేస్తుంది. మనదాంట్లో చెక్క పొడిలా రాలింది. పట్టీలు కొత్తవి వంపించి, టేకు బద్దీలు చెక్కించి, వాటికి అవిసె నూనె పట్టించి ఆరబెట్టాం. బిగించే ముందు రేకుకి లోపలి వైపు కూడా ప్రైమరు కొట్టాం, ఫ్యాక్టరీ ఆ పని చేయలేదు. ఇక్కడ మాత్రం నేను మూలం నుంచి పక్కకి జరిగాను. బయటికి కనపడదు, మన వాతావరణంలో అవసరం.

డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట కూడా కుళ్లే చోటే. అక్కడ నీళ్లు పోయే కన్నం మూసుకుపోతే చాలు. తెరిచి ఉంచాం.

కార్తీకం

బాడీ రంగు గీకడం. వానలు తగ్గాయి, వెలుతురు బాగుంది.

పెయింటరు మిషనుతో మొత్తం లేపేద్దామన్నాడు. వద్దన్నాను. నీటిలో తడిపిన వాటర్ పేపరు, సన్న గరుకుది, అరచేతి వెడల్పు మేర, పొర తరువాత పొర. పైన ఎర్ర ఎనామిల్. దాని కింద నీలం, మిల్లువాళ్లకి ఇది గుర్తుంది. దాని కింద ముదురు ఆకుపచ్చ. అన్నిటికన్నా కింద మెరుపు లేని ఆలివ్ రంగు, అమెరికా ఫ్యాక్టరీ నుంచి వచ్చినది. గుండ్రంగా గీకితే నాలుగు వలయాలూ ఒకదాంట్లో ఒకటి కనిపిస్తాయి.

బానెట్టు ఎడమ పక్కన మూడో పొర కింద తెల్లటి గీత తగిలింది. అప్పటి నుంచి చేతి బరువు తగ్గించి, మాటిమాటికీ నీళ్లు చల్లుతూ గీకాం. నిలువు కాలు, రెండు వాలు గీతలు, మళ్లీ నిలువు కాలు: ఎం. తరువాత అంకెలు. బ్రిటిష్ సైన్యం పద్ధతిలో కార్ల నంబర్లకి ముందు ఎం ఉండేది. అంటే ఈ బండి అమెరికా సైన్యంలో తిరిగినది కాదు. అమెరికా తన మిత్రదేశాలకి యుద్ధ సామగ్రి ఇచ్చిన లెండ్‌లీజు పథకం కింద బ్రిటిష్ వాళ్లకి చేరి, ఇక్కడ వాళ్ల దళాల్లోనో భారత సైన్యంలోనో పనిచేసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీదా విశాఖ మీదా బాంబులు వేశాయి. యుద్ధం మన ఒడ్డు దాకా వచ్చిన ఆ రోజుల తరువాతే ఈ బండి మన దేశంలో దిగింది. ఇది ఎక్కడ తిరిగిందో ఆ అంకెలు చెప్పవు గానీ, ఏ వేషంలో తిరిగిందో చెప్పాయి.

అంకెలకి పలచటి ట్రేసింగు కాగితం వేసి యథాతథంగా దించుకున్నాను. ఫొటోలు కూడా, పక్కన స్కేలు పెట్టి. స్టెన్సిలు దాని నుంచే కోయిస్తాను.

బానెట్టు నడినెత్తి రేకు డీజిల్ ఇంజిను కోసం కోసేశారు. అక్కడ సైన్యం జీపుల మీద వేసే తెల్ల నక్షత్రం ఉండేదేమో అని చూసిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు, వేయించమంటున్నారు కూడా. నక్షత్రం ఉంటే జీపుకి అందమే. కానీ ఉందని చెప్పే రేకు మన దగ్గర లేదు. కాబట్టి వేయను.

మార్గశిరం

ఇంజిను. ఈ డైరీలో అసలు తగువు ఇక్కడే.

డీజిల్ ఇంజిను దించేశాం. దాని కోసం ఛాసిస్‌కి అంటించిన దిమ్మలు కోసి నునుపు చేశాం. మిల్లు వెనక గదిలో పాత పెట్రోలు ఇంజిను గోనెసంచుల కింద ఉంది. మిల్లువాళ్లు ఏ పాత సామానూ అమ్మేసే రకం కాదు, అదృష్టం. ఇది గో డెవిల్ ఇంజిను. విల్లీస్ ఇంజనీరు బార్నీ రూస్ పదును పెట్టింది. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 గుర్రాల శక్తి. వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకు పక్కన ఉంటాయి. బోరు 3⅛ అంగుళాలు, స్ట్రోకు 4⅜. స్ట్రోకు పొడుగు కాబట్టి తక్కువ వేగంలోనే లాగుడు ఉంటుంది, బురదలో ఇదే కావాలి.

బ్లాకు మీద నంబరు చూస్తే ఎంబీ అని ఉంది. అంటే విల్లీస్ బ్లాకు. ఫోర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఛాసిస్ నంబరూ ఇంజిను నంబరూ ఒకటే ఉంటాయి. జీపులు తెలిసిన మిత్రులు ఫోన్లలో గట్టిగానే చెప్పారు: ఫోర్డ్ బ్లాకు వెతికి వేయి, లేకపోతే ఇది ఒరిజినల్ కాదు అని.

నేను బ్లాకు ముందు కూర్చుని దాన్ని కూడా గీకాను. గ్రీజు కింద ముదురు ఆకుపచ్చ ఉంది, బాడీ మీద మూడో పొరలో దొరికిన అదే ఆకుపచ్చ. ఇంజినుకీ డ్రైవరుకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద ఆ రంగు తుంపర్లు ఎక్కడ ఆగాయో, ఇంజిను నీడ పడే చోటు సరిగ్గా అక్కడే. అంటే సైన్యం ఈ బండికి రెండోసారి రంగు వేసినప్పుడే ఈ విల్లీస్ ఇంజిను లోపల ఉంది. హెడ్డు విప్పితే పిస్టన్ల మీద ఓవర్‌సైజు ముద్ర కూడా ఉంది. అప్పటికే ఒకసారి బోరు చేసిన ఇంజిను. సైనిక వర్క్‌షాపుల్లో పద్ధతి అదే: అలిసిన ఇంజిను దించి, బాగుచేసి సిద్ధంగా ఉన్నది ఎక్కిస్తారు, ఎవరు చేశారని చూడరు. ఏ బండి భాగం ఏ బండికైనా పట్టాలని షరతు పెట్టింది ఇందుకే కదా. ఇప్పుడు నేను ఫోర్డ్ బ్లాకు ఎక్కడినుంచో తెచ్చి వేస్తే కాటలాగు గెలుస్తుంది, ఈ బండి చరిత్ర ఓడిపోతుంది. విల్లీస్ బ్లాకే ఉంటుంది. అడిగినవాళ్లకి ఆకుపచ్చ చూపిస్తాను.

పనికొస్తే, విడిభాగాల మాట. మహీంద్రా తరువాత చేసిన హరికేన్ పెట్రోలు ఇంజిను ఈ గో డెవిల్‌కి తమ్ముడే. దాంట్లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి వెళ్లాయి గానీ బోరు, స్ట్రోకు అవే, కింది భాగం చాలా వరకు కలుస్తుంది. అందుకే బేరింగుల కోసం విదేశాల వైపు చూడక్కర్లేదు, విజయవాడ ఆటోనగర్‌లో ఓపిగ్గా అడిగితే దొరుకుతాయి. లేత్ మేస్త్రి సిలిండర్లకి స్లీవులు దించి పాత సైజుకి తెచ్చారు. వాల్వు గ్యాపు, చల్లగా ఉన్నప్పుడు, అంగుళంలో వెయ్యో వంతులు 14. ఫైరింగు వరస 1-3-4-2. అదే లెక్కలో పాయింట్ల గ్యాపు 20, ప్లగ్గుది 30.

పెట్రోలు పంపు లోపలి రబ్బరు పొర మాత్రం కొత్తది, ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయించాం. ఇప్పటి బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాతకాలపు రబ్బరు దానికి మెత్తబడిపోతుంది.

గేర్‌బాక్సు, దాని వెనక ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి చూస్తే పళ్లు బాగున్నాయి. సీళ్లు, బేరింగులు మార్చి మూసేశాం. డిఫరెన్షియళ్లు అంతే. బ్రేకుల దగ్గర ఒక చికాకు: ఒక కొట్టులో కొన్న వీలు సిలిండరు కిట్లు మొదటి వారంలోనే కారాయి. వేరేచోట తెచ్చి వేస్తే ఆగాయి.

సంక్రాంతి తరువాత

వైరింగు. మిల్లువాళ్లు 12 వోల్టులకి మార్చేశారు. మళ్లీ 6 వోల్టులకే తెచ్చాను. సెల్ఫు మోటారు, డైనమో, రెగ్యులేటరు అన్నీ ఆరుకే చేసినవి. 6 వోల్టుల మీద సెల్ఫు సరిగ్గా తిరగదని చాలామంది నమ్మకం. తిరగకపోవడానికి కారణం తీగ. అంతే పని సగం వోల్టేజితో చేయాలంటే కరెంటు రెట్టింపు పారాలి. సన్న కేబులు దాన్ని మోయలేదు, వేడెక్కుతుంది. బొటనవేలంత రాగి కేబులు వేసి, ఎర్తు తగిలే చోట రంగు గీకి మెరిసే ఇనుముకి బిగిస్తే సెల్ఫు ఠపీమని అందుకుంటుంది. మేస్త్రి గారు మొదట ఒప్పుకోలేదు. బల్ల మీద ఇంజిను పెట్టి తిప్పి చూపించాక, "సరే, ఆరే ఉంచండి" అన్నారు.

హెడ్‌లైట్లకి ఒక తెలివైన ఏర్పాటు ఉంది. రెక్క నట్టు ఒకటి వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజిను మీద వెలుతురు వేస్తుంది. చీకట్లో మరమ్మతు చేసుకోవడానికి. ఇది కుర్రాడికి మహా ఇష్టం. గ్రిల్లు కూడా దొరికింది. పాత ఇనుము కొట్టులో వంగిపోయి, అయినా యుద్ధకాలపు జీపుకి ఉండే తొమ్మిది గళ్లూ పూర్తిగా ఉన్నది. ఏడు గళ్లది విప్పి మిల్లువాళ్లకి ఇచ్చేశాను, అదీ వాళ్ల జ్ఞాపకమే.

మాఘం, ఫాల్గుణం

రంగు వేయడానికి మన వైపు ఇదే కాలం. చలి తగ్గి, గాలిలో తేమ తగ్గి, కాలవలో నీళ్లున్నా నేల ఎండి ఉంటుంది. వానాకాలంలో కొడితే రంగు కింద తేమ ఇరుక్కుని ఏడాదిలో పొక్కులొస్తాయి.

గ్లవ్ బాక్సు లోపల ఎండ తగలని చోట ఆలివ్ రంగు చెక్కుచెదరలేదు. రంగు కలిపే దుకాణానికి ఆ మూతే తీసుకెళ్లాను. అది పచ్చా కాదు, గోధుమా కాదు, మధ్య రంగు. కంప్యూటరు చెప్పిన కలయిక కాస్త పచ్చగా వచ్చింది. ఎండలోకి తెచ్చి పక్కపక్కన పెట్టి, నలుపూ పసుపూ చుక్కచుక్క కలుపుతూ దగ్గరికి తెచ్చాం. మెరుపు లేకుండా పూర్తి మ్యాట్. పెయింటరు బాధపడ్డాడు. "ఇంత పని సేసి మెరుపు లేకపోతే సూసినోళ్లు నన్నేటంటారండీ?" అని. సైన్యం బండి ఎండకి తళుక్కుమంటే విమానంలోంచి కనిపిస్తుంది, అందుకే అలా వేసేవారని చెప్పాను. ఆ మాటతో ఆయన మనసు మారింది. ఆ తరువాత నాకన్నా ఆయనే పట్టుదలగా, ఎక్కడ చిన్న మెరుపు కనపడ్డా మళ్లీ కొట్టాడు.

ఏ రంగు వేయాలి అన్నదీ తేల్చుకోవాల్సి వచ్చింది. సైన్యం వదిలిన రోజుకి పైన ఉన్నది మూడో పొర ముదురు ఆకుపచ్చ కదా? కానీ ఎం నంబరు ఉన్నది ఆ పొర కింద, ఆలివ్ మీద. నంబరు ఉంచాలంటే ఆలివ్ ఉండాలి. జూన్‌లో రాసుకున్న మాట ప్రకారమైతే ఆకుపచ్చే వేయాలి. ఇప్పుడు సాక్ష్యం చూశాక ఆ మాట మారుస్తున్నాను: ఏ రూపానికి పూర్తి ఆధారం ఉందో ఆ రూపం. ఆలివ్‌కి రంగు ఉంది, నంబరు ఉంది, అక్షరాల సైజు ఉంది. ఆకుపచ్చకి రంగు తప్ప ఏమీ లేదు. అందుకని బాడీ ఆలివ్. ఇంజిను మీద ముదురు ఆకుపచ్చ దొరికినట్టే ఉంచాం, తుడిచి నూనె రాశాం అంతే. బాడీ మీద ఒక చిన్న చోట నాలుగు పొరల వలయాలూ అలాగే వదిలేశాం.

టైర్ల సంగతి. 6.00-16 సైజు మన దగ్గర ఏ ట్రాక్టరు కొట్టులోనైనా ఉంటుంది, ముందు చక్రానికి అదే. కానీ వాటి మీద నిలువు గీతలు. జీపుకి కావలసింది అడ్డ దిమ్మెల పట్టు, ఎటు తిప్పి వేసినా ఒకేలా ఉండేది. బురదలో జాడ చూసి బండి ఎటు పోయిందో శత్రువుకి తెలియకూడదని. అవి బయట నుంచి తెప్పించాల్సి వచ్చింది, ఈ ప్రాజెక్టులో బరువైన ఖర్చు అదే.

చైత్రం

ఇంజిను అందుకుంది. ఆయిలు ప్రెషరు ముల్లు లేచి నిలబడింది, పొగ కాసేపు నీలంగా వచ్చి ఆగింది. మా తోటలోని దారి వెంట, కొబ్బరి వరసల మధ్య తిప్పుతున్నాం. రోడ్డెక్కించలేదు. మొదటి గేరుకి సింక్రో, అంటే గేరు పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు, లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేయాలి. ఎడమ స్టీరింగుతో మన రోడ్ల మీద ఎదురు బండి కనపడాలంటే పక్కన ఒక మనిషి ఉండి చెప్పాల్సిందే. హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద పట్టు వేస్తుంది. బండి ఆగాక లాగడానికే అది.

ఇక కాగితాలు. 2021లో కేంద్రం వింటేజి బళ్లకి వేరే రిజిస్ట్రేషను నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉండాలి. నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది. రోజువారీ తిరుగుడుకీ వ్యాపారానికీ వాడకూడదు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ, మరమ్మతుకీ పెట్రోలుకీ తిప్పుకోవచ్చు. డీజిల్ ఇంజినుతో ఉంటే ఈ దారే ఉండేది కాదు. మిల్లువాళ్ల పాత ఆర్‌సీ పుస్తకం చెదలు కొట్టినా నంబరు చదవడానికి వీలుగా ఉంది. దాని నకళ్లతో దరఖాస్తు పెట్టాను.

మిగిలినవి: స్పీడోమీటరు లోపలి ముల్లు ఇరుక్కుంటోంది, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరుంది. కాన్వాసు టాపు కొలతలు తీసుకున్నాం, మందపాటి ఖాకీ పచ్చ బట్ట కాకినాడలో చూసి పెట్టాను, కుట్టేవాళ్లు వానలకి ముందే ఇస్తామన్నారు. ఎడమ పక్క పారా, గొడ్డలి బిగించే తోలు పట్టీలు చెప్పులు కుట్టే ఆయన చేస్తున్నారు. వాటి బకిల్స్ పాతవే. టాపు వచ్చాక ఆ కొలతలు ఇక్కడే రాస్తాను, ఇంకెవరి దగ్గరైనా ఇలాంటి బండి ఉంటే పనికొస్తాయి.